కారు స్టీరియో విప్పి చూడండి.. ఇంటర్వ్యూలో మాట దొరుకుతుంది!

‘మీ ప్రాజెక్టుకు పవర్ సప్లై ఎక్కడి నుంచి ఇచ్చారు?’

కోర్ కంపెనీలో నా మొదటి ఇంటర్వ్యూ. రెండో ప్రశ్నే ఇది. ఈసీఈ డిగ్రీ చేతిలో ఉంది, ఫైల్లో ఆరు సర్టిఫికెట్లున్నాయి. నోట్లో మాత్రం సమాధానం లేదు. ఎందుకంటే ఆ ప్రాజెక్టు మేం చేసింది కాదు. బ్యాచ్‌లో నలుగురం డబ్బులు పోగేసి రెడీమేడ్‌గా కొన్నది. పెట్టె మూత తీసి చూసిన పాపాన కూడా పోలేదు. అయిదు నిమిషాల్లో బయటికొచ్చేశాను.

ఇది చదువుతున్న మీలో చాలామంది ఫైల్లోనూ అలాంటి పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. తప్పు పట్టడానికి చెప్పట్లేదు. నేనూ ఆ దారిలో వచ్చినవాణ్నే. ఇవాళ నేను చెప్పేది ఒక్కటే.. ఏడో సర్టిఫికెట్ కోర్సుకు డబ్బు కట్టే ముందు, ఒక నిజమైన వస్తువును మీ చేతులతో విప్పి, మళ్లీ బిగించి, పని చేయించండి. ఏ వస్తువు అంటారా? నా ఓటు పాత కారు స్టీరియోకి!

ఆ రాత్రి పాట వచ్చింది.. పొద్దున బండి రాలేదు

ఉద్యోగం లేకుండా ఇంట్లో ఉన్న రోజులవి. నాన్నకు సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కారు ఉంది. ఆయన పనంతా ఊళ్లు తిరగడమే. అందులో కంపెనీ బిగించిన పాత సీడీ స్టీరియో మూగబోయింది. ‘నేను ఇంజినీర్ని కదా నాన్నా, షాపువాడికెందుకు దండగ’ అని టచ్ స్క్రీన్ ఉన్న కొత్త యూనిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను.

కొత్త యూనిట్ వెనక పసుపు, ఎరుపు, నలుపు వైర్లున్నాయి. కారు వైపు నుంచి వచ్చే వైర్ల రంగులు వీటితో కలవలేదు. కాసేపు వెతికితే ఎప్పుడూ కరెంటు ఉండే వైరు ఒకటి దొరికింది. పసుపు, ఎరుపు రెండూ కలిపి దానికే చుట్టేశాను. స్క్రీన్ వెలిగింది, పాట వచ్చింది. అమ్మని పిలిచి మరీ వినిపించాను.

మర్నాడు పొద్దున 6 గంటలకు నాన్న లేపారు. ‘ఒరేయ్, బండి స్టార్ట్ అవ్వట్లేదురా.’ ఆయన ముఖ్యమైన పని మీద బందరు వెళ్లాలి. ఇద్దరం కారును సందు చివరి దాకా తోశాం. పక్కింటివాళ్లు చూస్తున్నారు. నాన్న ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధేసింది.

విజయవాడ ఆటోనగర్‌లో పెద్దాయన ఒకరు, కార్ ఎలక్ట్రీషియన్, స్టీరియో వైపు చూసి అడిగిన మొదటి మాట: ‘ఏం బాబూ, మీటర్ పెట్టి చూశావా?’

‘లేదు బాబాయ్.. పాట వచ్చింది కదా అని..’

ఆయన నవ్వారు. బ్యాటరీ నెగెటివ్ తీసి, మధ్యలో మీటర్ పెట్టారు. తాళం తీసేసి ఉన్నా ఒక ఆంపియర్ దాకా లాగుతోంది. స్టీరియో ఫ్యూజు పీకగానే రీడింగ్ పడిపోయింది. లెక్క మీరే వేయండి. ఒక ఆంపియర్ చొప్పున రాత్రి పది గంటలకు 10 ఆంపియర్ అవర్లు. కొత్తగా ఉన్నప్పుడే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, అదీ ముసలిదైపోయింది. పొద్దున స్టార్టర్ తిప్పే శక్తి ఇంకెక్కడ మిగులుతుంది?

పసుపు వైరు గడియారం, సెట్టింగులు గుర్తుంచుకోవడానికి. దానికి ఎప్పుడూ కరెంటు ఉండాలి. ఎరుపు వైరు ‘తాళం తిప్పారు, ఇక లే’ అని యూనిట్‌కి చెప్పడానికి. అది తాళంతో పాటే ఆగిపోవాలి. రెండూ ఒకేచోట కలిపితే స్టీరియోకి నిద్రే ఉండదు. స్క్రీన్ ఆపినా లోపల ప్రాసెసర్ మేలుకునే ఉంటుంది. నాలుగేళ్లు చదివిన నాకు ఈ ముక్క తెలియలేదు. పదో తరగతి కూడా దాటలేదన్న ఆయనకు తెలుసు. ఎందుకంటే ఆయన పాట విని ఊరుకోరు, కొలిచి చూస్తారు.

డబ్బాలో దాగిన సిలబస్

స్టీరియో మార్చడం కొత్త సరదా ఏమీ కాదు. 1930లోనే అమెరికాలో గాల్విన్ కంపెనీ కార్లలో విడిగా బిగించుకునే రేడియో అమ్మింది. దానికి పెట్టిన పేరే మోటరోలా. ఆ పేరే తర్వాత కంపెనీకీ వచ్చింది. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటంటే, ఇవాళ ఆ చిన్న డబ్బాలో మీ సిలబస్ సగం ఉంది. చూడండి.

సైజు: పాత స్టీరియోల ముఖం 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. దీన్నే సింగిల్ డిన్ అంటారు. ఎత్తు 100 అయితే డబుల్ డిన్. డిన్ అనేది జర్మనీ ప్రమాణాల సంస్థ పేరు. స్టాండర్డ్ అనేది ఉండబట్టే ఎవరో తయారుచేసిన డబ్బా ఇంకెవరి కారులోనో సరిపోతోంది. ‘స్టాండర్డ్స్ ఎందుకు?’ అని ఎవరైనా అడిగితే ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

వాట్ల లెక్క: అట్ట మీద ‘50 వాట్స్ ఇంటూ 4’ అని ఉంటుంది. నిజమేనా? ఇంజిన్ నడుస్తున్నప్పుడు వోల్టేజీ 14.4 అనుకుందాం. స్పీకర్ 4 ఓమ్‌లు. 14.4ని 14.4తో గుణించి 4తో భాగిస్తే 51.84. ఆ 50 పుట్టింది ఇక్కడే! కానీ ఇది చతురస్రపు తరంగానికి, అంటే చెవులు చిల్లులు పడే వక్రీకరణకు వచ్చే లెక్క. శుభ్రమైన సైన్ తరంగమైతే అందులో సగం, దాదాపు 26. నష్టాలు పోను 20 వాట్ల చుట్టుపక్కల మిగులుతుంది. ఓమ్ సూత్రం వచ్చినవారిని అట్ట మోసం చేయలేదు.

స్పీకర్ నెగెటివ్: నెగెటివ్ అంటే బాడీ ఎర్త్ అనుకుంటాం. ఇక్కడ కాదు. ఈ యూనిట్లలో ఒక్కో స్పీకర్ రెండు వైర్లనూ యాంప్లిఫయర్ ఎదురెదురుగా నడుపుతుంది. దాన్నే బ్రిడ్జ్ పద్ధతి అంటారు. ఆ నెగెటివ్‌ను కారు బాడీకి తగిలిస్తే యాంప్లిఫయర్ చిప్‌కే ప్రమాదం. పుస్తకంలో ఒక బొమ్మగా దాటేసిన పాఠం, మన డబ్బుతో కొన్న యూనిట్ కాలిపోతుందంటే జన్మలో మర్చిపోం.

స్టీరింగ్ బటన్లు: కొన్ని కార్లలో ఒక్కో బటన్ వెనక ఒక్కో విలువ రెసిస్టర్ ఉంటుంది. యూనిట్ వోల్టేజీ చదివి ఏ బటన్ నొక్కారో గుర్తుపడుతుంది. వోల్టేజ్ డివైడర్, అనలాగ్ టు డిజిటల్ కన్వర్టర్.. మీరు చదివినవే. కొత్త కార్లలో చాలావరకు ఈ సమాచారం క్యాన్ బస్ ద్వారా వెళ్తుంది. 1986లో బాష్ కంపెనీ దీన్ని ప్రపంచానికి పరిచయం చేసింది. రెండే వైర్లు, రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు. బ్యాటరీ తీసి ఆ రెండు వైర్ల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు చూపించాలి. ఎందుకో చెప్పగలిగితే మీకు ప్యారలల్ సర్క్యూట్ వచ్చినట్టే.

సీఎస్ఈ వాళ్లూ, పేజీ తిప్పకండి. ఆండ్రాయిడ్ ఆటో, ఆండ్రాయిడ్ ఆటోమోటివ్ ఒకటేనా? కాదు. మొదటిది 2015లో వచ్చింది. పని ఫోన్ చేస్తుంది, కారు స్క్రీన్ చూపిస్తుంది. 2014లో వచ్చిన యాపిల్ కార్‌ప్లేదీ అదే దారి. రెండోది కారులోనే నడిచే ఆపరేటింగ్ సిస్టమ్. ఈ ఒక్క తేడా స్పష్టంగా చెప్పగలగడం చిన్న విషయం కాదు. హైదరాబాద్‌లో హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం, మోబిస్, జడ్ఎఫ్, బాష్ లాంటి సంస్థలు కారు ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో కియా ప్లాంటు 2019 నుంచి కార్లు తయారు చేస్తోంది. ఆ తలుపులు తట్టాలనుకునేవారికి ఇది ఇంటి ముందు ఆగి ఉన్న ల్యాబ్.

‘షాపులో ఇస్తే అరగంటలో అయిపోతుందిగా?’

అయిపోతుంది. మీ కారు మోడల్‌కి సరిపోయే కప్లర్, ఫ్రేమ్ కొంటే ఒక్క వైరు కోయకుండా బిగించవచ్చు కూడా. నిజానికి అదే సరైన పద్ధతి. నా వాదన షాపువాళ్ల పని లాక్కోమని కాదు. బిగించేటప్పుడు పక్కన నిలబడి ‘ఈ వైరు ఎందుకు?’ అని అడిగినా సగం లాభం వస్తుంది. మిగతా సగం మీటర్ మీ చేతిలో ఉన్నప్పుడే వస్తుంది.

‘మా ఇంట్లో కారే లేదు’ అంటారా? అది అసలు అడ్డంకి కాదు. స్క్రాప్ షాపులో పాత స్టీరియో ఒకటి, 12 వోల్టుల సప్లై, ఒక స్పీకర్, ఒక మీటర్.. హాస్టల్ టేబుల్ మీద పెట్టుకోండి. అక్కడ పాడుచేస్తే పోయేది పాత డబ్బానే, నాన్న బందరు ప్రయాణం కాదు.

అయితే కొన్ని గీతలు దాటకండి. వారంటీలో ఉన్న కారు జోలికి వెళ్లొద్దు. విప్పే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. పసుపు రంగు కప్లర్లు కనిపిస్తే చెయ్యి పెట్టకండి, సాధారణంగా అవి ఎయిర్‌బ్యాగులవి. ఫ్యూజు పోతే అదే రేటింగ్‌ది వేయండి, పెద్దది వేస్తే ఈసారి కాలేది ఫ్యూజు కాదు, వైరు. హ్యాండ్‌బ్రేక్ వైరును ఎర్త్‌కు కలిపేసి, నడుస్తుండగా వీడియో వచ్చేలా చేసే చిట్కా ఒకటి చాలామంది చెబుతారు. దయచేసి చేయొద్దు. ఎలా చేయాలో తెలియడం ఒక ఎత్తు, ఎందుకు చేయకూడదో తెలియడం ఇంకో ఎత్తు. ఇంజినీర్ అన్న మాట రెండోదానితోనే వస్తుంది.

రెజ్యూమెలో ఎలా రాయాలి?

‘కార్ ఆడియో అంటే ఆసక్తి’ అని రాస్తే ఎవరూ చూడరు. నేను రాసింది ఇది: ‘పాత కారులో ఫ్యాక్టరీ స్టీరియో తీసి టచ్ స్క్రీన్ యూనిట్ బిగించాను. వైరింగ్ తప్పు వల్ల బ్యాటరీ దిగిపోయింది. తాళం తీశాక లాగుతున్న కరెంటును ఒక ఆంపియర్ నుంచి 20 మిల్లీ ఆంపియర్లకు తగ్గించాను.’

తర్వాతి ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడగలేదు. ఈ వాక్యం దగ్గరే ఆగారు. మీటర్ ఎక్కడ పెట్టారు? సిరీస్‌లోనా, ప్యారలల్‌లోనా? అది పెట్టి ఉండగా స్టార్టర్ తిప్పితే ఏమవుతుంది? తప్పు ఎలా పట్టుకున్నారు? ఇరవై నిమిషాలు మాట్లాడాను. కంఠస్థం చేసింది ఒక్క ముక్క లేదు. అన్నీ నా చేతులకు తెలిసినవే.

ఉద్యోగం స్టీరియో వల్లే వచ్చిందని చెప్పను. ఆప్టిట్యూడ్, కోడింగ్ రౌండ్లు అందరితో పాటు నేనూ రాశాను. ఆ కంపెనీలో ఆఖరి రౌండ్‌లో పోయింది కూడా. కానీ అయిదు నిమిషాల్లో తల వంచుకుని బయటికొచ్చిన కుర్రాడు మాత్రం మళ్లీ కనిపించలేదు. అదే వాక్యంతో ఆ తర్వాత ఇంకోచోట ఉద్యోగం వచ్చింది.

కొన్న ప్రాజెక్టులో తప్పులుండవు. ఉన్నా మనవి కావు. అందుకే దాని గురించి మనకు చెప్పడానికి ఏమీ ఉండదు. మనం చేసిన పనిలో తప్పు ఉంటుంది, దాన్ని సరిదిద్దిన కథా ఉంటుంది. ఎదుటి కుర్చీలో ఉన్నవారు వినాలనుకునేది ఆ కథనే.

ఈ వారం ఒక మల్టీమీటర్ కొనండి. మామూలుది మూడు నాలుగు వందల్లో వస్తుంది. స్టీరియో కాకపోతే మిక్సీ, ఇన్వర్టర్, పాత రేడియో.. ఏదైనా సరే. పాట రాగానే పని అయిపోయిందని లేచిపోకండి. ఆటోనగర్ పెద్దాయన అడిగిన ప్రశ్న మిమ్మల్ని మీరే ఒకసారి అడగండి: ‘మీటర్ పెట్టి చూశావా?’