ముందు ఇల్లు సద్దుమణగాలి

రాత్రి తొమ్మిదిన్నర. హాల్లో సీరియల్ నడుస్తోంది. వంటింట్లో కుక్కర్ ఇంకా కూత పెడుతూనే ఉంది. నాన్న అప్పుడే ఆఫీసు నుంచి వచ్చాడు. ఆయన్ని చూడగానే నాలుగేళ్ల పిల్ల సోఫా మీద నుంచి గంతులు మొదలుపెట్టింది. పదింటికి అన్నం, అదీ ఫోన్లో బొమ్మలు చూస్తూ. పదిన్నరకు ‘ఇంక పడుకో’ అని గదమాయింపు, పదకొండుకు ఏడుపు. తెల్లారి ఏడింటికల్లా స్కూలు వ్యాను హారన్ కొడుతుంది. కళ్లు తెరవని పిల్లకు పళ్లు తోమి, యూనిఫాం తొడిగి, పాలగ్లాసు పట్టుకుని తల్లి మెట్లు దిగుతుంది. మన పట్టణాల్లో చాలా ఇళ్లలో ఇదే వరస.

‘మావాడికి రాత్రిళ్లు అసలు నిద్రే రాదండీ’ అని ఈ తల్లిదండ్రులే వాపోతుంటారు. నిద్ర ఎందుకు రాదు? వస్తుంది. వచ్చిన నిద్రను మనమే వెళ్లగొడుతున్నాం. నిద్రవేళ అనగానే పిల్లలకు నేర్పాల్సిన క్రమశిక్షణ అనుకుంటాం గానీ, నిజానికి అది ముందు పెద్దలు అలవరచుకోవాల్సింది.

లెక్క చూడండి. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఏడాది, రెండేళ్ల పిల్లలకైతే 11 నుంచి 14 గంటలు. రాత్రి పదకొండుకు పడుకుని ఆరున్నరకు లేచే పిల్లకు దక్కేది ఏడున్నర గంటలే. బడిలో చేరాక చాలామందికి మధ్యాహ్నం కునుకు కూడా పోతుంది. ఆ లోటు సాయంత్రం పేచీగా, మారాంగా బయటపడుతుంది. అలిసిపోతే పెద్దవాళ్లు కునికిపాట్లు పడతారు. పిల్లలు మాత్రం ఇంకా రెచ్చిపోయి గంతులేస్తారు. అది చూసి ‘వీడికి నిద్ర రావడం లేదు’ అనుకుని మనం మరో గంట వదిలేస్తాం. పొరపాటు అక్కడే జరుగుతోంది.

చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే హార్మోన్ ఊరుతుంది. ఒళ్లు నిద్రకు సిద్ధం కావాలని చెప్పేది అదే. గదిలో ట్యూబులైటు, కళ్లముందు ఫోను వెలుగుతుంటే ఆ ఊట తగ్గిపోతుంది. పసిపిల్లల కళ్లలోకి పెద్దవాళ్ల కళ్లలో కంటే ఎక్కువ వెలుతురు దిగుతుంది కాబట్టి వాళ్ల మీద ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. ఎదుగుదలకు కావలసిన గ్రోత్ హార్మోన్ కూడా ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే. పిల్లలకు తిండి ఎలాగో నిద్రా అలాగే.

ఏం చెయ్యాలి? రోజూ అవే పనులు, అదే వరసలో చెయ్యాలి. భారత్‌తో సహా పలు దేశాల్లో పదివేల మందికి పైగా తల్లుల్ని అడిగి చేసిన పరిశోధన 2015లో వెలువడింది. పడుకునే ముందు ఒక క్రమం ఉన్న పిల్లలు తొందరగా నిద్రపోతున్నారనీ, రాత్రి తక్కువసార్లు లేస్తున్నారనీ, వారంలో ఎన్ని ఎక్కువ రాత్రులు ఆ క్రమం పాటిస్తే అంత మేలు కనిపించిందనీ అందులో తేలింది.

ఆ క్రమానికి పెద్ద హంగు అక్కర్లేదు. ఏడున్నరకల్లా అన్నం పెట్టెయ్యాలి. ఎనిమిదింటికి టీవీ కట్టేసి, ఫోన్లు పక్కన పెట్టాలి. గోరువెచ్చని నీళ్లతో స్నానమో, కాళ్లూ చేతులూ కడగడమో, ఆ తర్వాత పళ్లు తోమించి, ఒకటికి పంపించి, వదులుగా ఉన్న నూలు బట్టలు వెయ్యాలి. దోమతెర కట్టి, పెద్ద లైటు తీసేసి, ఒక కథ చెప్పి, ఒక జోలపాట పాడాలి. మొత్తం అరగంట, మహా అయితే ముప్పావుగంట.

కథ రోజూ కొత్తదే కావాలని కంగారుపడకండి. ఏడుచేపల కథనే తీసుకోండి. ఎండని చేపను అడిగితే తప్పు గడ్డిమేటుది అంటుంది, గడ్డిమేటు ఆవును చూపిస్తుంది, అలా అలా వెళ్లి చీమ దగ్గర తేలుతుంది. పదోసారి విన్న పిల్ల, మనం అడగకముందే జవాబు చెప్పేస్తుంది. తర్వాత ఏం రాబోతోందో తనకు తెలుసు. ఆ తెలియడంలోనే పసిమనసుకు నిబ్బరం ఉంది. స్నానం తర్వాత కథ, కథ తర్వాత పాట, పాట తర్వాత నిద్ర అని తెలియడం కూడా అలాంటిదే.

ఒక్కటి మాత్రం మానెయ్యాలి. ‘పడుకోకపోతే బూచాడొచ్చి ఎత్తుకుపోతాడు’ అనే బెదిరింపు మన ఇళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది. భయంతో కళ్లు మూసుకోవడం నిద్ర కాదు. ఆ పిల్ల అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తే, బూచాడు వచ్చింది మన మాటల్లోంచే.

ఒంటిగది ఇంట్లో ఇదంతా ఎలా కుదురుతుందని అడిగేవాళ్లున్నారు. నిజమే, వాళ్లకు కష్టమే. కానీ ఒక అరగంట టీవీ శబ్దం తగ్గించి, మాటలు తగ్గించి, లైటుకు ఒక గుడ్డ చాటు కట్టడం ఏ ఇంట్లోనైనా సాధ్యమే. షిఫ్టుల వల్ల వేళలు మారే ఇళ్లలో గంట కాస్త అటూఇటూ అయినా, వరస తప్పకుండా చూసుకోండి. ఇప్పుడు పదకొండుకు పడుకునే పిల్లల్ని ఒక్కరోజులో ఎనిమిదిన్నరకు తేలేం. రెండు మూడు రోజులకోసారి పావుగంట ముందుకు జరపండి. లేచే వేళ ఆదివారమైనా మార్చకండి. అయినా నిద్ర సరిగా పట్టకపోతే, లేదా రోజూ గురక పెడుతుంటే, పిల్లల డాక్టరుకు చూపించండి.

నాన్నలకు ఒక మాట. ఈ పని మొత్తం అమ్మ మీద వదిలేసి, వేళ దాటాక వచ్చి పిల్లల్ని ఎత్తి ఆడించడం ప్రేమే, కానీ దానివల్ల నష్టపోయేది ఆ పిల్లలే. వారంలో వీలైనన్ని రోజులు ముందుగా ఇల్లు చేరి, కథ చెప్పే బాధ్యత మీరు తీసుకోండి. ఆలస్యమైన రోజు పొద్దున్నే ఒక పావుగంట వాళ్లతో గడపండి. తాతయ్యలకూ నానమ్మలకూ ఇదే విన్నపం: మీ సీరియల్ మర్నాడు కూడా చూడొచ్చు, మీరు చెప్పే కథ మాత్రం ఇంకెవరూ చెప్పలేరు.

ఈ రాత్రే మొదలుపెట్టండి. ఎనిమిదింటికి టీవీ కట్టెయ్యండి. మొదటి రెండు మూడు రోజులు పేచీ పెడతారు, ఓర్చుకోండి. పిల్లల్ని పడుకోమని కసరడం కంటే, వాళ్లు పడుకునేలా ఇంటిని సర్దుకోవడమే పెద్దరికం.