మొహం కనిపించని నాటకం ఎవరికోసం?

తెలుగు నాటకం గురించి మాట్లాడేవాళ్లు బళ్లారి పేరు ఎత్తకుండా ముందుకు పోలేరు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరస వినోదిని సభ, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ పోటాపోటీగా నాటకాలాడింది ఇక్కడే. బళ్లారి రాఘవ (1880-1946) పేరులోనే ఈ ఊరుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది గానీ, నాటకం మీద మోజు సరిహద్దు దాటి పోలేదు. ఉగాదికో, శ్రీరామనవమికో, ఊరి జాతరకో ఇప్పటికీ మన పల్లెల్లో హార్మోనియం మోగుతూనే ఉంది. పద్యం వినిపిస్తోంది. నటుడి మొహమే కనిపించడం లేదు!

ఇది చిన్న విషయం కాదు. పద్యాన్ని రాగాలతో సాగదీయడం కన్నా అభినయమే నాటకానికి ప్రాణమని నమ్మినవాడు రాఘవ. ఆయన పేరు చెప్పుకొనే చోట్ల జరుగుతున్నదేమిటి? వేదిక నెత్తిన రెండు ట్యూబులైట్లు, పక్కన ఇళ్లు కట్టేచోట వాడే ఫ్లడ్ లైటు ఒకటి. కళ్ల కింద నీడలు, వెనక తెర మీద మనిషిని మించిన నీడలు. ఆఖరి వరసలో కూచున్న కుర్రాడు పది నిమిషాలు చూసి సెల్‌ఫోను తీస్తాడు. తప్పు వాడిది కాదు.

‘డబ్బుల్లేవండీ’ అన్నదే సమాజాల జవాబు. నిజమే, లేవు. కానీ లెక్క మారింది. పాత పద్ధతిలో వెయ్యి వాట్ల పార్ లైట్లు ఎనిమిది వెలిగించాలంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 35 ఆంపియర్ల కరెంటు కావాలి. ఏ పల్లె బడి వైరింగూ దాన్ని మోయదు. జనరేటరు అద్దెకే చందాలు సరిపోయేవి. అదే 150 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు ఎనిమిది పెడితే సుమారు 5 ఆంపియర్లు చాలు. మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గు మీదే నాటకం నడిచిపోతుంది. రంగు కాగితాలు మాడిపోవు, మేకప్పు చెమటకు కారిపోదు.

అయితే కొనేటప్పుడు తెలివి కావాలి. రంగులు మారే లైట్లు చూడగానే మోజు పుడుతుంది. ఉన్న డబ్బంతా వాటికే పోస్తే పెళ్లి ఆర్కెస్ట్రా అవుతుందే గాని నాటకం కాదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి తెచ్చిన తెలుపులో మొహాలు పాలిపోయి కనిపిస్తాయి. ముందు నాలుగు పసుపుఛాయ తెలుపు లైట్లు మొహాలకోసం తీసుకోవాలి. వేదిక ముందు రెండు పక్కల నుంచీ, ఎత్తుగా, ఏటవాలుగా పడేట్టు కట్టాలి. ఇనుప పైపు ఒక్కటి అడ్డంగా బిగిస్తే ఆ పని అయిపోతుంది. తరవాత వెనక నుంచి రెండు, తెరకు రంగుల లైట్లు రెండు. నటులు తెరకు ఐదారడుగులు ఎడంగా నిలబడితే సగం నీడలు వాటంతటవే పోతాయి. దానికి పైసా ఖర్చు లేదు.

ఖర్చు తగ్గించకూడని చోటు మాత్రం ఒకటుంది. ఎర్తింగు లేని బోర్డు, అతుకుల వైర్లు, తాళ్లతో వేలాడే లైట్లు ప్రాణం మీదికి తెస్తాయి. ప్రతి లైటుకూ బిగింపుతో పాటు ఒక ఇనుప గొలుసు, బోర్డులో షాకు ప్రాణం మీదికి రాకముందే కరెంటు ఆపే 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకరు తప్పనిసరి. ఒక లైటు తక్కువైనా ఫరవాలేదు, ఇవి ఉండాలి.

వెలుగంటే సామాను కాదు, ఆలోచన. బెంగాలీ నాటకం ‘అంగార్’ (1959)లో గనిలోకి నీళ్లు ముంచుకొచ్చే దృశ్యాన్ని తాపస్ సేన్ వెలుగునీడలతోనే చూపించాడు. మన సురభి వాళ్లు తరాలుగా చేస్తున్న మాయలూ అలాంటివే. మన సమాజాల్లో మేకప్పుకు మనిషి ఉంటాడు, హార్మోనియానికి మనిషి ఉంటాడు. లైట్లకు మాత్రం ఆ పూట దొరికిన ఎలక్ట్రీషియనే దిక్కు. రిహార్సల్ మొదటిరోజు నుంచీ కూచునే కుర్రాడినొకణ్ని ప్రతి సమాజం తయారు చేసుకోవాలి.

మరి డబ్బెవరు పెట్టాలి? ఇక్కడి ప్రభుత్వానికి మనది పరభాష, అక్కడి ప్రభుత్వానికి మనది పొరుగు రాష్ట్రం. రెంటికీ చెడ్డ రేవడి బతుకని వాపోతూ కూచుంటే దీపం వెలగదు. ఏ సమాజానికా సమాజం విడిగా కొనుక్కోవడం వృథా. ఏడాదికి రెండు నాటకాలాడే సమాజానికి సొంత లైట్లెందుకు? నాలుగైదు సమాజాలు కలిసి ఒక సెట్టు కొని, ఒకచోట ఉంచి, వంతులవారీగా వాడుకోవచ్చు. అందులో కన్నడ నాటక సంఘాలనూ కలుపుకోవాలి. అదే వేదిక మీద వాళ్లూ ఆడుతున్నారు, వాళ్లకూ అదే చీకటి. దీపానికి భాష లేదు. ఇద్దరూ కలిసి వెళ్లి అడిగితే నగరపాలిక అయినా, గ్రామ పంచాయతీ అయినా ‘ఇది తెలుగువాళ్ల గోల’ అని తోసేయలేదు. వాళ్లను అడగాల్సిందీ కోట్లు కాదు. వేదికలున్న చోట ఎర్తింగుతో మంచి బోర్డు, లైట్లు కట్టుకోవడానికి గట్టి పైపు. అంతే.

ఆగస్టు 2 రాఘవ జయంతి. ఆ రోజు దండలకూ, సన్మానాల శాలువలకూ పెట్టే ఖర్చులో కొంత పక్కన పెట్టి లైట్ల నిధికి జమ చేస్తే, మహానటుడికి అంతకన్నా నివాళి ఏముంటుంది? నటుడి కన్నీటి చుక్క ఆఖరి వరసకు కనిపించాలి. ఆ పని మనం చేయగలిగిందే.