టీసీలో ఏ నూనె పోయాలి?

బాగేపల్లి, చింతామణి పల్లెల్లో ట్రాన్స్‌ఫార్మర్‌ను టీసీ అంటారు. బోర్లే దిక్కైన ఈ మెట్టనేలల్లో టీసీ కాలిపోయిందంటే టమోటా తోటా మల్బరీ చేనూ వాడిపోతున్నా మరొకటి వచ్చేదాకా ఎదురుచూడాల్సిందే. మూడు ఫేజుల కరెంటు రాగానే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. బోర్లు వెయ్యి అడుగులు దాటాయి గనక మోటార్లూ పెద్దవే. లెక్కలోకి రాని కనెక్షన్లు సరేసరి. ఈ భారమంతా టీసీ లోపలి తీగ మీద పడుతున్నట్టు కనిపించినా, ముందుగా చచ్చేది తీగకు చుట్టిన కాగితం. పర్యావరణానికి మేలైన ఇన్సులేషన్ గురించి మాట్లాడేవాళ్లు టీసీలోని నూనె నేలపాలైతే ఏమవుతుందన్న దగ్గర మొదలుపెడతారు. ఈ పల్లెలున్న చిక్కబళ్లాపురం జిల్లాలో మాత్రం ఆ చర్చ కాగితం దగ్గర మొదలవ్వాలి.

వేడీ తేమా కలిసి ఆ కాగితాన్ని తినేస్తాయి. సుమారు 6 డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుందని ఇంజినీర్ల లెక్క. ఇప్పుడు టీసీల్లో ఎక్కువగా పోస్తున్నది పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్. మామూలు ఉష్ణోగ్రతలో అది పది లక్షల భాగాలకు 60 భాగాల నీటిని కూడా సరిగా కలుపుకోలేదు. గింజల నూనెల నుంచి చేసే నేచురల్ ఎస్టర్ దాదాపు వెయ్యి భాగాలు కలుపుకుంటుంది. కాగితంలోని తేమను అది తనలోకి లాక్కుంటుంది గనక కాగితం ఎక్కువకాలం గట్టిగా ఉంటుంది. మినరల్ ఆయిల్ 170 డిగ్రీలకు అటూఇటూగా అంటుకుని మండుతుంది, ఎస్టర్‌కు 350 దాకా వేడెక్కాలి. చేలగట్ల మీద, గడ్డివాముల పక్కన ఉండే టీసీలకు ఈ తేడా చిన్నదేమీ కాదు. ఎస్టర్ కారినా మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని త్వరగా విచ్ఛిన్నం చేస్తాయి. నిజం చెప్పాలంటే ఈ తాలూకాల నీటికి పెద్ద జబ్బు ఫ్లోరైడ్, ట్రాన్స్‌ఫార్మర్ నూనె కాదు. అందుకే ఎస్టర్ వాడాలన్న నా వాదనకు బలం కాలుష్యం లెక్కలో కన్నా ఆయుష్షు లెక్కలోనే ఉంది. టీసీ ఎక్కువ ఏళ్లు బతికితే అంత తీగ, అంత ఉక్కు, అంత రీవైండింగ్ ఖర్చూ తప్పినట్టే.

ఎస్టర్ ధర ఎక్కువన్నది మొదటి అభ్యంతరం, అది నిజమే. కానీ కొనేటప్పుడు లీటరు ధర చూస్తున్నాం గానీ టీసీ కాలిన ప్రతిసారీ దాన్ని దించి, లారీలో వేసి, చుట్టించి, మళ్లీ ఎక్కించే ఖర్చును అదే కాగితం మీద వేయడం లేదు. ఎండిన పంట సంగతి ఏ లెక్కలోనూ రాదు. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. గాలి తగిలితే ఎస్టర్ చిక్కబడుతుంది. కన్సర్వేటర్ ద్వారా గాలి పీల్చే టీసీల్లో, బ్రీదర్‌లో తేమ పీల్చే సిలికా జెల్ నీలం పోయి గులాబీకి తిరిగినా మార్చే దిక్కులేని చోట దీన్ని పోస్తే డబ్బు దండగ. పాత టీసీలో మిగిలిన మినరల్ ఆయిల్ ఎక్కువగా కలిసినా మంటను తట్టుకునే గుణం పడిపోతుంది. కాబట్టి పాతవాటి జోలికి పోకుండా, గాలి చొరబడని కొత్త సీల్డ్ టీసీలతోనే మొదలుపెట్టాలి.

వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశంలో సోయా నూనె తెచ్చి టీసీలో పోస్తామా అన్న ప్రశ్నకు జవాబు కానుగ చెట్టు. కన్నడంలో హొంగె అనే ఈ చెట్టు ఈ ప్రాంతంలో గట్ల మీద, రోడ్ల పక్కన మామూలే. దాని గింజలో మూడోవంతు దాకా నూనె ఉంటుంది, అది తిండికి పనికిరాదు. బెంగళూరు ఐఐఎస్సీ ఆచార్యుడు ఉడుపి శ్రీనివాస ఈ నూనెతో ఇంజిన్లు నడిపి చూపించారు. కర్ణాటక 2009లోనే జీవ ఇంధన విధానం తెచ్చింది. గానుగలో తీసిన నూనెను అలాగే పోస్తే మాత్రం పనికాదు. దానిలో ఆమ్లం ఎక్కువ, శుద్ధి చేసి తీరాలి. నేచురల్ ఎస్టర్లకు 2017 నుంచి భారతీయ ప్రమాణం ఐఎస్ 16659 ఉంది, పరీక్షించడానికి కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ సీపీఆర్ఐ బెంగళూరులోనే ఉంది. ఇక్కడి విద్యుత్ సరఫరా సంస్థ బెస్కాం ఒక్కో తాలూకాలో టీసీలు తరచూ కాలే ఫీడర్‌ను ఒకటి ఎంచుకుని, అక్కడ సగం టీసీలు ఎస్టర్‌వి, సగం మామూలువి పెట్టి, ఐదేళ్లలో ఏవి ఎన్నిసార్లు దిగాయో ఊరి పేరుతో సహా ప్రకటిస్తే, తర్వాతి టెండర్‌లో ఏ నూనె రాయాలో ఆ పట్టికే చెబుతుంది.