ఉద్దానానికి నీళ్లు అడిగాం, ఇక లెక్కలు అడుగుదాం

శ్రీకాకుళం జిల్లాలో సముద్రాన్ని ఆనుకుని, కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా ఉండే ఉద్దానం రెండు శాసనసభ నియోజకవర్గాల్లో పరుచుకుని ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం మండలాలు ఇచ్ఛాపురం నియోజకవర్గంలో, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలు పలాస నియోజకవర్గంలో ఉన్నాయి. ఈ రెండు చోట్ల ఏ పార్టీ తరఫున ఎవరు గెలిచినా ప్రభుత్వం దగ్గర ఎత్తక తప్పని విషయం ఒకటుంది. అది కిడ్నీ జబ్బు.

అడగడం వృథా పోలేదు. ఒకప్పుడు డయాలసిస్ కోసం విశాఖపట్నం దాకా వెళ్లాల్సిన రోగులకు ఇప్పుడు దగ్గర్లోనే కేంద్రాలు ఉన్నాయి. డయాలసిస్ చేయించుకునేవారికి ఇచ్చే పింఛను 2019లో నెలకు 10,000 రూపాయలకు పెరిగింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అదే సమయంలో హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానం ఊళ్లకు తెచ్చే పథకం మొదలైంది. దానికి అయిన ఖర్చు సుమారు 700 కోట్ల రూపాయలు. ప్రజాప్రతినిధులు, వైద్యులు, విలేకరులు, ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి అడిగితే వచ్చినవి ఇవి. వీటి విలువను తక్కువ చేసి చూడలేం.

అయితే సభలో ప్రశ్న ఏ రూపంలో ఉంటే జవాబూ ఆ రూపంలోనే వస్తుంది. ఆసుపత్రి అడిగితే ఆసుపత్రి వస్తుంది, నీళ్లు అడిగితే పైపులైను వస్తుంది. జబ్బు ఎందుకు వస్తోంది, చేసిన పనులతో అది తగ్గుతోందా అన్నవి కూడా అడిగితేనే తెలుస్తాయి. ఉద్దానం విషయంలో ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. ఆలస్యం చేస్తే దానికి జవాబు దొరికే అవకాశమే పోతుంది.

ముందు జబ్బు సంగతి చూద్దాం. సాధారణంగా కిడ్నీలు దెబ్బతినడానికి షుగర్, బీపీ పెద్ద కారణాలు. ఉద్దానంలో జబ్బు ఉన్నవారిలో చాలామందికి షుగర్ లేదు. పొలాల్లో, తోటల్లో కష్టపడి పనిచేసే మధ్యవయసువాళ్లకు, పైకి ఏ లక్షణమూ లేకుండానే కిడ్నీలు క్షీణిస్తున్నాయి. 2018 తర్వాత వెలువడిన రెండు అధ్యయనాలు అక్కడి పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేల్చాయి. కారణం తెలియని ఇలాంటి జబ్బు శ్రీలంకలోని రాజరట ప్రాంతంలో, మధ్య అమెరికాలోని చెరకు కూలీల్లో కూడా కనిపిస్తోంది. నీటిలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, మండుటెండలో నీళ్లు తాగకుండా చేసే పని, ఒళ్లునొప్పులకు అతిగా వాడే మాత్రలు, వంశపారంపర్య లక్షణాలు అన్నీ అనుమానితుల జాబితాలో ఉన్నాయి. ఏ ఒక్కదాని మీదా ఇంకా నేరం రుజువు కాలేదు.

కారణం తెలిసిన జబ్బు విషయంలో ప్రజాప్రతినిధి పని కాస్త సులువు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరోసిస్ అలాంటిదే. అక్కడ దోషి ఒక్కటే, నీటిలోని ఫ్లోరైడ్. దాన్ని కొలవొచ్చు. భారత ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో అది 1 మిల్లీగ్రాము మించకుండా ఉండాలి. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతిస్తారు. అందుకే అక్కడ 'మాకు నది నీళ్లు ఇవ్వండి' అన్న డిమాండు విజ్ఞానశాస్త్రపరంగా కూడా సరైనదే. ఉద్దానంలో అదే డిమాండు చేసినప్పుడు మనకు అంత భరోసా లేదు. మంచినీళ్లు ఎలాగూ అందరి హక్కు, కాబట్టి ఇవ్వడం ముమ్మాటికీ సరైన పనే. కానీ ఆ నీళ్లతో కిడ్నీ జబ్బు తగ్గుతుందన్నది ఇంకా ఆశ మాత్రమే.

ఆ ఆశను పరీక్షించే అవకాశం ఇప్పుడు చేతికొచ్చింది. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మొదట నేర్పేది, ఒక్కసారికి ఒక్క అంశాన్నే మార్చి ఫలితం కొలవమని. మనుషుల మీద, ఊళ్ల మీద అలాంటి ప్రయోగాలు చేయడం సాధ్యం కాదు, న్యాయమూ కాదు. కానీ ప్రభుత్వమే ఒక ప్రాంతం మొత్తానికి తాగునీటిని మార్చే పని పెట్టుకున్నప్పుడు, ఎవరూ తలపెట్టకుండానే ఒక ప్రయోగం మొదలైనట్టే. ఏ ఊరికి ఏ నెలలో కొత్త నీళ్లు చేరాయి, అంతకుముందు ఆ ఊరి బావుల్లో, బోర్లలో ఏముంది, అప్పటికి అక్కడి యువకుల కిడ్నీల పరిస్థితి ఏమిటి అన్నవి రాసిపెట్టుకుంటే, పదేళ్ల తర్వాత నీళ్ల పాత్ర ఎంతో చెప్పగలుగుతాం. రాసిపెట్టుకోకపోతే 700 కోట్లు ఖర్చుపెట్టాక కూడా నీళ్లే కారణమా అన్న వాదన అలాగే మిగులుతుంది. పాత బావులు పూడ్చేశాక వాటి నీటిని పరీక్షించడం ఎవరి వల్లా కాదు.

ఈ కొలతలు అనుకున్నంత తేలిక కావు. సభలో ఈ విషయం మాట్లాడేవారు కొన్ని చిక్కులు తెలుసుకోవాలి. రక్తంలో క్రియాటినిన్ పెరిగేసరికి కిడ్నీలు సుమారు సగం శక్తిని పోగొట్టుకుని ఉండొచ్చు. మూత్రంలో ప్రొటీన్ ఉందో లేదో చూసే చౌక పట్టీ పరీక్ష ఈ రకం జబ్బును తొలి దశలో చాలాసార్లు పట్టుకోలేదు, ఎందుకంటే ఇందులో ప్రొటీన్ పెద్దగా పోదు. ఎండలో పనిచేసి వచ్చిన మనిషికి ఒంట్లో నీరు తగ్గితే క్రియాటినిన్ తాత్కాలికంగా పెరగొచ్చు. కాబట్టి మే నెలలో ఒకరికి, డిసెంబరులో ఇంకొకరికి చేసిన పరీక్షలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. దీర్ఘకాలిక జబ్బు అని నిర్ధారించాలంటే కనీసం మూడు నెలల పాటు తేడా కొనసాగాలి. అంటే ఒకే రోజు శిబిరం పెట్టి తీసిన లెక్క చాలదు. అదే మనుషులకు, అదే పద్ధతిలో, అదే కాలంలో మళ్లీ మళ్లీ పరీక్ష చేయాలి.

డయాలసిస్ రోగుల సంఖ్య కూడా మంచి కొలబద్ద కాదు. ఇవాళ డయాలసిస్ బల్ల మీద ఉన్న మనిషి కిడ్నీలు ఏళ్ల క్రితమే పాడవడం మొదలై ఉంటాయి. నీళ్లు మారిన ఫలితం ముందుగా కనపడాల్సింది పాతికేళ్లలోపు వాళ్లలో. పైగా పరీక్షలు ఎక్కువ చేస్తే రోగులు ఎక్కువగా బయటపడతారు. 'కొత్త నీళ్లు వచ్చాక జబ్బు పెరిగింది' అని ప్రతిపక్షం విమర్శించడం, ఆ విమర్శకు భయపడి ప్రభుత్వం లెక్కలు దాచడం, రెండూ జరగగలవు. ఎంతమందిని పరీక్షిస్తే ఎంతమందికి ఉందన్నది ప్రతిసారీ కలిపి చెబితే రెండు పక్షాలకూ ఆ చిక్కు ఉండదు.

కొలతలు లేకుండా తొందరపడితే ఏమవుతుందో శ్రీలంక చూపించింది. అక్కడ రైతుల కిడ్నీ జబ్బుకు వ్యవసాయ రసాయనాలే కారణమని ప్రచారం చేసినవారిలో పార్లమెంటు సభ్యుడైన బౌద్ధ భిక్షువు అతురలియే రతన థేరో ముఖ్యులు. ఆయన ఎత్తిచూపిన బాధ నిజమైనదే. 2015లో ప్రభుత్వం గ్లైఫోసేట్ అనే కలుపుమందును నిషేధించింది. గ్లైఫోసేట్‌కూ ఈ జబ్బుకూ సంబంధం ఉందన్న ప్రతిపాదన మీద శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. తేయాకు తోటలవాళ్లు కలుపు తీయలేక మొత్తుకుంటే 2018లో తేయాకు, రబ్బరు సాగుకు నిషేధం సడలించారు. కలుపుమందు మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ప్రజాప్రతినిధి గొంతుకు బలం ఉంది కాబట్టి, రుజువు కాని కారణాన్ని రుజువైనట్టు చెబితే చట్టాలే మారిపోతాయి. రోగికి మాత్రం మేలు జరిగిందో లేదో తెలియకుండానే మిగిలిపోతుంది.

కారణం తేలేదాకా చేతులు కట్టుకు కూర్చోవాలని దీని అర్థం కాదు. మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీలకు పని మధ్యలో తాగునీరు, విశ్రాంతి, నీడ తప్పనిసరి చేసే కార్యక్రమాలు మొదలుపెట్టారు, ఫలితాన్ని కూడా కొలుస్తూ వస్తున్నారు. అది ఎవరికీ హాని చేయని పని. మన దగ్గర ఉపాధి హామీ పనుల్లో, జీడితోటల్లో అదే చేయొచ్చు. నొప్పి మాత్రలు చీటీ లేకుండా అమ్మకుండా చూడొచ్చు.

మరి సభలో ఏం అడగాలి? ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఇచ్ఛాపురం, పలాస నుంచి వెళ్లే సభ్యులు, వారితోపాటు ఇతర సభ్యులు ఎవరైనా మూడు విషయాలు అడగొచ్చు. మొదటిది, ఏ ఊరికి ఏ తేదీన వంశధార నీరు చేరింది, అక్కడి పాత నీటి వనరుల పరీక్ష ఫలితాలేమిటి. రెండోది, 2017 తర్వాత ఊరూరా చేసిన రక్తపరీక్షల్లో మండలాల వారీగా ఎంతమందిని చూశారు, ఎంతమందిలో తేడా కనిపించింది, వారిలో ఎంతమందికి మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేశారు. మూడోది, ఒక నిర్ణీత యువ బృందాన్ని పదేళ్లపాటు గమనించే బాధ్యత ఏ సంస్థది, దానికి ఏటా ఎంత కేటాయించారు.

వీటిని జీరో అవర్‌లో ఆవేశంగా మాట్లాడి ఊరుకుంటే సరిపోదు. నక్షత్ర గుర్తు ప్రశ్నగా వేస్తే మంత్రి సభలో నోటితో జవాబివ్వాలి, ఆపైన అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. 'పరిశీలిస్తాం', 'నివేదిక తెప్పిస్తాం' అని మంత్రి చెబితే ఆ మాట అమలైందా అని చూడడానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఏటా ఒకే ప్రశ్న, ఒకే రూపంలో అడిగితే జవాబుల వరుసే ఒక సమాచార పట్టికగా మారుతుంది.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. వారానికి రెండు మూడుసార్లు యంత్రానికి కట్టుబడి ఉండే రోగి ఇంటికి వెళ్లి, మీ ఎమ్మెల్యే లెక్కలు అడుగుతున్నాడని చెబితే వాళ్లకు ఒళ్లు మండుతుంది. అది న్యాయమైన కోపమే. డయాలసిస్ పడకలు, మందులు, పింఛను అడగడం ఆపమని ఎవరూ అనకూడదు. కానీ ఆ ఇంట్లోనే ఇరవై ఏళ్ల కొడుకో కూతురో ఉంటారు. వాళ్లు ఆ బల్ల ఎక్కకుండా చూడాలంటే ఈ రెండో ప్రశ్నా అడగాలి.

ఇంకో అభ్యంతరం మరింత సున్నితమైనది. ఉద్దానం ఊళ్ల పేరు చెబితే పెళ్లి సంబంధాలు వెనక్కి పోతున్నాయన్న బాధ చాలాకాలంగా వినిపిస్తోంది. ఊరి పేరుతో జబ్బు లెక్కలు బయటపెడితే ఆ బాధ పెరుగుతుంది. అందుకే లెక్కలు మండలం స్థాయిలో ఇవ్వాలి, పేర్లు ఎక్కడా రాకూడదు. పరీక్ష ఫలితం ముందుగా చేరాల్సింది ఆ పరీక్ష చేయించుకున్న మనిషికి, వాళ్ల భాషలో, ఇప్పుడేం చేయాలన్న సలహాతో సహా. రక్తం ఇచ్చి ఏ కబురూ అందుకోని మనిషి రెండోసారి చెయ్యి చాపడు. అలా జరిగితే పదేళ్ల పరిశీలన మొదటి ఏడాదిలోనే ఆగిపోతుంది.

నీటి పథకం మొదలై ఎక్కువ కాలం కాలేదు కాబట్టి ఇప్పటికీ తొలి కొలతలు తీయొచ్చు. ఇంకో ఐదేళ్లు పోతే అవి దొరకవు. రాబోయే శాసనసభ సమావేశాల్లో ఉద్దానం మీద ఒక్క ప్రశ్నకే అవకాశం వస్తే, పైమూటిలో మొదటిదాన్ని అడగాలి. ఏ ఊరికి ఏ తేదీన నీళ్లు చేరాయో, పాత నీటిలో ఏముందో సభ ముందు ఉంచితే, మిగతా పనికి పరిశోధకులు సిద్ధంగానే ఉంటారు.