ఖాళీ కాని ఖాళీ: ఘనా ఉప ఎన్నికలు, నాలుగు సీమల ఓటు

పశ్చిమాఫ్రికా దేశమైన ఘనాలో 2025 సెప్టెంబరు మాసంలో రెండు పార్లమెంటు స్థానాలు ఉప ఎన్నికల ద్వారా భర్తీ అయ్యాయి. వజ్రాల గనులకు పేరొందిన అక్వాటియా నియోజకవర్గ సభ్యుడు ఎర్నెస్ట్ కూమీ జులై 7న మరణించగా, సెప్టెంబరు 2న అక్కడ పోలింగ్ జరిగింది. అధికార పక్షమైన నేషనల్ డెమోక్రటిక్ కాంగ్రెస్ (ఎన్.డి.సి.) అభ్యర్థి బెర్నార్డ్ బెడియాకో బైడూ 18,199 ఓట్లతో గెలిచి, న్యూ పేట్రియాటిక్ పార్టీ (ఎన్.పి.పి.) చేతిలోని సీటును తమ పార్టీకి సంపాదించిపెట్టారు. ఆగస్టు 6న సంభవించిన హెలికాప్టర్ ప్రమాదంలో మంత్రి ఇబ్రహీం ముర్తాలా మహమ్మద్ దుర్మరణం పాలవడంతో ఖాళీ అయిన తమాలే సెంట్రల్ స్థానానికి ప్రతిపక్షం పోటీ పెట్టలేదు. అక్కడ పాలక పక్షం అభ్యర్థి అలీదు సెయిదు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.

సభ్యుడు పోయిన రెండు నెలలలోపే కొత్త సభ్యుడు రావడం ఘనాలో పరిపాటి. అక్వాటియాలో పట్టిన వ్యవధి 57 రోజులు. అంతకుముందు సంవత్సరం మార్చి 7న ఎజిసు సభ్యుడు జాన్ కుమా మరణించగా ఏప్రిల్ 30న, అనగా 54వ రోజున, ఓటింగ్ ముగిసింది. సీటు ఖాళీ అయిన వారం రోజులలో పార్లమెంటు కార్యదర్శి ఎన్నికల సంఘానికి లిఖితపూర్వకంగా తెలియజేయాలని ఆ దేశ రాజ్యాంగమే నిర్దేశించింది. మన దేశంలో ఈ గడువు ఆరు మాసాలన్నది విదితమే. ప్రజలు ప్రతినిధి లేకుండా ఉండరాదన్న విషయంలో ఘనా రాజ్యాంగ నిర్మాతలు మనకంటే తొందరపడ్డారనే చెప్పాలి.

అటువంటి దేశంలోనే నాలుగు సీమల ప్రజలు నాలుగు సంవత్సరాల పాటు పార్లమెంటు సభ్యుడనేవాడు లేకుండా గడిపారు. వారి ప్రతినిధి మరణించలేదు, రాజీనామా చేయలేదు, కోర్టు తీర్పుతో పదవి కోల్పోనూ లేదు. వారి ఊళ్ళ మీదుగా పోయే సరిహద్దు గీత మారింది, అంతే.

ఆ సీమల పేర్లు సాంట్రోకోఫి, అక్పాఫు, లిక్పే, లోలోబి. తూర్పున టోగో దేశపు సరిహద్దుకు చేరువలో, కొండల నడుమ ఉన్న పల్లెలివి. అక్పాఫు, లోలోబి వారిది సివు భాష. సాంట్రోకోఫి వారిది సెలే. లిక్పే వారిది సెక్పెలే. చుట్టూ ఎవె భాష మాట్లాడే జనం ఎక్కువ. ఇంట్లో ఒక భాష, సంతలో మరొకటి, కచేరీలో ఇంగ్లీషు అన్నది వారి నిత్య వ్యవహారం. ఈ ప్రాంతానికి గీతలు మారడం కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధం వరకు ఇది జర్మనీ ఏలుబడిలోని టోగోలాండ్‌లో భాగం. యుద్ధానంతరం ఆ దేశాన్ని బ్రిటన్, ఫ్రాన్సు పంచుకోగా ఇది బ్రిటిష్ వాటాకు వచ్చింది. 1956లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగి, మరుసటి సంవత్సరం స్వతంత్ర ఘనాలో కలిసింది.

ఇటీవలి మార్పు 2018 డిసెంబరు 27 నాటి ప్రజాభిప్రాయ సేకరణతో మొదలైంది. దేశంలోని ప్రాంతాల సంఖ్య 10 నుండి 16కు పెరిగింది. వోల్టా ప్రాంతపు ఉత్తర భాగాన్ని విడదీసి, ఓటీ నది పేరిట కొత్త ప్రాంతాన్ని ఏర్పరిచారు. ఈ నాలుగు సీమలు ఆ ఓటీ ప్రాంతంలోకి వెళ్ళాయి. అయితే వారు అంతవరకు ఓటు వేస్తూ వచ్చిన హొహోయ్ నియోజకవర్గం వోల్టాలోనే ఉండిపోయింది. ఒక నియోజకవర్గం రెండు ప్రాంతాలలో విస్తరించి ఉండరాదని రాజ్యాంగంలోని 47వ అధికరణం చెబుతున్నది. కాబట్టి హొహోయ్‌లో వారికి ఓటు ఉండరాదు. ఓటీలో వారికంటూ నియోజకవర్గం ఇంకా పుట్టలేదు. కొత్త ప్రాంతం ఏర్పడి రెండేళ్ళు కావస్తున్నా ఈ ముడిని విప్పే పని ఎవరూ తలకెత్తుకోలేదు.

2020 డిసెంబరు 7న సార్వత్రిక ఎన్నికలు. సరిగ్గా ముందు రోజు ఎన్నికల సంఘం ఒక ప్రకటన వెలువరించింది. ఆ నాలుగు సీమల వారు పొరుగున ఉన్న బుయెమ్ నియోజకవర్గంలో దేశాధ్యక్ష పదవికి మాత్రమే ఓటు వేయాలనీ, పార్లమెంటుకు వేయరాదనీ దాని సారాంశం. నెలల తరబడి ప్రచారం విన్నవారికి, అభ్యర్థుల ముఖాలు గోడలమీద చూస్తూ వచ్చినవారికి, తెల్లవారితే పోలింగ్ అనగా తెలిసిన సంగతి ఇది. కోర్టుకు వెళ్ళేందుకు కూడా వ్యవధి లేదు.

ఈ ఓటర్లు దాదాపు 17 వేల మంది. ఆ పక్క హొహోయ్‌లో ఆనాడు ఎన్.పి.పి. అభ్యర్థి, అప్పటి ఇంధన మంత్రి జాన్ పీటర్ అమేవు 26,952 ఓట్లతో గెలిచారు. ఎన్.డి.సి. అభ్యర్థికి 21,821 ఓట్లు వచ్చాయి. తేడా ఐదు వేల పైచిలుకు. హొహోయ్ ఎన్.డి.సి.కి చిరకాలంగా పెట్టనికోట వంటి స్థానం. తప్పించిన ఓట్లు పడి ఉంటే ఫలితం తప్పక మారేదని ఖాయంగా ఎవరూ చెప్పలేరు. కానీ మెజారిటీకి మూడింతలు పైబడిన ఓటర్లను పక్కన పెట్టి లెక్క తేల్చారన్నది కాదనలేని నిజం.

సామాన్యంగా ఇటువంటిది ఒక మూల నియోజకవర్గపు తగాదాగా మిగిలిపోయేది. ఆ ఏడాది అలా కాలేదు. 275 స్థానాల సభలో ఎన్.పి.పి.కి 137, ఎన్.డి.సి.కి 137 వచ్చాయి, ఒకరు స్వతంత్రుడు. హొహోయ్ అటు కాక ఇటు పడి ఉంటే లెక్క 138, 136గా మారి, సభ ప్రతిపక్షం చేతికి వచ్చేది. నాలుగు కొండ సీమల ఓటు దేశపు చట్టసభ స్వరూపాన్నే నిర్ణయించగల స్థితి అది. బాధితుల తరఫున వేసిన పిటిషన్‌పై హైకోర్టు డిసెంబరు 23న స్పందించి, అమేవు పేరు గెజిట్‌లో ప్రకటించరాదని ఉత్తర్వు ఇచ్చింది. 2021 జనవరి 5న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. జనవరి 7న కొత్త సభ సమావేశమైంది. స్పీకర్ ఎన్నిక సందర్భంగా ఒక సభ్యుడు బ్యాలెట్ కాగితాలు లాక్కుని పరుగెత్తడం, సభలోకి సైనికులు ప్రవేశించడం ఆ రాత్రి ప్రపంచమంతా చూసింది. సమాన బలాల సభలో ఒక్క సీటు విలువ ఎంతో ఆ దృశ్యమే తెలిపింది.

ఆ తరువాతి ఉప ఎన్నికలన్నీ ఈ ఒక్క సీటు లెక్క చుట్టూనే తిరిగాయి. వానిలో ప్రధానమైనది అస్సిన్ నార్త్. అక్కడి ఎన్.డి.సి. సభ్యుడు జేమ్స్ జాచీ క్వేసన్ నామినేషన్ వేసే నాటికి తన కెనడా పౌరసత్వాన్ని పూర్తిగా వదులుకోలేదన్నది వివాదం. కేప్‌కోస్ట్ హైకోర్టు 2021 జులైలో ఆ ఎన్నికను రద్దు చేసింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆయనను సభా విధులకు దూరంగా ఉంచింది. అంతకు కొద్ది వారాల ముందే, సెల్‌ఫోను ద్వారా పంపే డబ్బుపై 1.5 శాతం పన్ను విధించే వివాదాస్పద బిల్లు ప్రతిపక్షం వాకౌట్ చేసిన సభలో నెగ్గింది. పట్నం నుండి పల్లెకు నాలుగు రూకలు పంపుకునే ప్రతి కుటుంబాన్నీ తాకిన పన్ను అది. 2025లో గాని తొలగలేదు. 2023 మే 17న సుప్రీంకోర్టు క్వేసన్ పేరును సభ్యుల జాబితా నుండి తొలగించమని తీర్పు చెప్పింది. జూన్ 27న ఉప ఎన్నిక. అధ్యక్షుడు అకుఫో అడో స్వయంగా ప్రచారానికి వచ్చారు. క్రిమినల్ కేసు విచారణ నెత్తిమీద ఉన్నా క్వేసన్ 17,245 ఓట్లతో మళ్ళీ గెలిచారు. ప్రత్యర్థికి 12,630 వచ్చాయి. కోర్టు తీసివేసిన సభ్యుడిని ఓటర్లు నలభై ఒక్క రోజులకు వెనక్కి పంపారు.

దానికి నెల రోజుల ముందు కుమావులో జరిగిన ఉప ఎన్నికలో ఎన్.పి.పి. తన సీటును సునాయాసంగా నిలుపుకున్నది. అక్కడ క్వాకు డువా అనే ఒకే పేరుతో ఇద్దరు స్వతంత్రులు బరిలో దిగారు. పేరు చూసి పొరబడే ఓటరును నమ్ముకునే ఈ విద్య ఆఫ్రికాకు మాత్రమే పరిమితం కాదని మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఖాళీ అయిందా లేదా అన్న ప్రశ్నే 2024 అక్టోబరులో సభను స్తంభింపజేసింది. రాబోయే ఎన్నికలలో పార్టీ మార్చి, లేదా స్వతంత్రులుగా, పోటీకి దిగిన నలుగురు సభ్యుల స్థానాలు ఖాళీ అయినట్టేనని స్పీకర్ ఆల్బన్ బాగ్బిన్ అక్టోబరు 17న ప్రకటించారు. నలుగురిలో ఇద్దరు ఎన్.పి.పి., ఒకరు ఎన్.డి.సి., ఒకరు స్వతంత్రుడు. దానితో ఎన్.డి.సి. బలం 136, ఎన్.పి.పి. బలం 135 అయింది. మరుసటి రోజే సుప్రీంకోర్టు స్టే ఇచ్చి, నవంబరు 12న ఐదుగురు ఒకవైపు, ఇద్దరు మరొకవైపుగా స్పీకర్ నిర్ణయం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. చిత్రమేమనగా, స్పీకర్ మాటే నెగ్గినా ఆ నాలుగు చోట్ల ఉప ఎన్నిక జరిగేది కాదు. సార్వత్రిక ఎన్నికలకు మూడు మాసాల లోపు ఉప ఎన్నిక పెట్టరాదన్నది నిబంధన. సార్వత్రిక ఎన్నికలు డిసెంబరు 7కు నిశ్చయమై ఉన్నాయి. అంటే ఆ పోరాటమంతా ఆ నియోజకవర్గాల ప్రజలకు ప్రతినిధిని ఇచ్చేందుకు కాదు, సభలో మెజారిటీ కుర్చీలు ఎవరివన్న దానికే.

ఉప ఎన్నికలలో దౌర్జన్యం సభా బలాబలాలతోనే వస్తుందనుకోవడం కూడా సరి కాదు. 2019 జనవరి 31న రాజధాని అక్రాలోని అయవాసో వెస్ట్ వుగోన్‌లో ఉప ఎన్నిక జరిగిన నాటికి ఎన్.పి.పి.కి సభలో భారీ మెజారిటీ ఉన్నది. ఒక సీటు పోయినా నష్టం లేదు. అయినా ముసుగులు ధరించిన సాయుధులు రంగంలోకి దిగారు, కాల్పులు జరిగాయి, ఎన్.డి.సి. పోలింగ్ మధ్యలోనే తప్పుకున్నది. ఎమిల్ షార్ట్ కమిషన్ విచారించి ఇచ్చిన సిఫారసులలో పలువాటిని ప్రభుత్వం అంగీకరించలేదు. పార్టీల ప్రైవేటు దండులను నిషేధిస్తూ అదే ఏడాది చట్టం చేశారు. చట్టం వచ్చిన ఆరేళ్ళకు, 2025 జులై 11న, అబ్లెకుమా నార్త్‌లోని 19 పోలింగ్ కేంద్రాలలో తిరిగి ఓటింగ్ జరిపినప్పుడు మళ్ళీ దాడులు జరిగాయి. ఈసారి అధికారంలో ఉన్నది ఎన్.డి.సి. 2024 డిసెంబరు ఎన్నిక ఫలితం తేలక ఏడు నెలలు ఆ నియోజకవర్గానికి సభ్యుడు లేడని పత్రికలు గగ్గోలు పెట్టాయి. అది న్యాయమే. కానీ కొండ సీమల వారి నాలుగేళ్ళకు ఆ స్థాయి గగ్గోలు వినబడలేదు.

అసలు వారికి ఉప ఎన్నిక ఎందుకు పెట్టలేదు? జవాబు చట్టంలోనే ఉన్నది. ఉప ఎన్నికకు ఖాళీ కావాలి. ఖాళీకి ముందు సీటు ఉండాలి. వారికి సీటే లేదు గనుక ఖాళీ లేదు, ఖాళీ లేదు గనుక గడువు లేదు. మనిషి పోతే రోజులు లెక్కించే రాజ్యాంగం, ఊళ్ళే లెక్క తప్పిపోతే ఏమి చేయాలో చెప్పలేదు. ఆ సీమలతో గువాన్ అనే జిల్లాను మాత్రం ఏర్పరిచారు. జిల్లా కార్యాలయం వచ్చింది గాని సభలో గొంతు రాలేదు. ఘనాలో ప్రతి పార్లమెంటు సభ్యునికి జిల్లాల ఉమ్మడి నిధిలో కొంత వాటా ఉంటుంది. బడి పైకప్పుకో, పేద విద్యార్థి ఫీజుకో, ఊరి బావికో ఖర్చు పెట్టేది అందులోనుండే. ఆ నాలుగేళ్ళు ఈ పల్లెల తరఫున ఆ వాటా అడిగేవారు లేరు. పన్నులు మాత్రం అందరితో పాటు కట్టారు. సెల్‌ఫోను పన్ను కూడా, దానిపై అనుకూలంగానో వ్యతిరేకంగానో ఓటు వేసే సభ్యుడు లేకుండానే.

ఎన్నికల సంఘం ఆనాడు చెప్పిన వాదనలో సాంకేతికంగా బలం లేకపోలేదు. రెండు ప్రాంతాలలో ఒకే నియోజకవర్గం కుదరదన్నది నిజమే. అయితే ఆ సంగతి 2019లోనే తెలుసు. ఆ ఏడాది కాదంటే 2020 మధ్యలోనైనా నియోజకవర్గాన్ని ఏర్పరచి ఉండవచ్చు. కేవలం కొన్ని గంటల ముందు చెప్పడమే ఈ వ్యవహారంలో అతి పెద్ద తప్పు. అధికార పక్షానికి లాభించిన తప్పు కావడంతో అది పొరపాటా, పన్నాగమా అన్న అనుమానం ఆ సీమలలో నేటికీ తీరలేదు.

గువాన్ నియోజకవర్గం చివరకు 2024లో ఏర్పడింది. ఆ సంవత్సరం డిసెంబరు 7న నాలుగు సీమల వారు తమ సభ్యునికి ఓటు వేసి, ఎన్.డి.సి. అభ్యర్థి ఫ్రెడ్ అగ్బెన్యోను గెలిపించారు. ఎన్.డి.సి. ఆ ఎన్నికలలో మూడింట రెండు వంతుల స్థానాలు గెలుచుకున్నది. అప్పటికి ఒక్క సీటు అటూ ఇటూ అయినా ప్రభుత్వానికి తేడా లేదు. ఘనా పార్లమెంటులో 275గా ఉన్న స్థానాలు 276 అయ్యాయి. పెరిగిన ఆ ఒక్కటి గువాన్‌దే.