పాత రంగు ఇంటికి రాకూడదు

చేతిపని శీర్షిక

చింతామణి నుంచి ఒక చెల్లెలు అడిగింది: "అన్నా, మావోడు ఐటీఐ అయినాక బెంగళూరులో పాత కార్లు బాగుచేసే షెడ్డులో చేరినాడు. హెరాల్డ్ అనే కారు విప్పుతా ఉండాడంట. శనివారం రాత్రి ఇంటికొస్తే ఒళ్లంతా రంగు దుమ్మే. వచ్చీ రాంగానే అక్క బిడ్డను ఎత్తుకుంటాడు. ఆ పని మంచిదేనా?"

పని మంచిదే తల్లీ. ఆ దుమ్ముతోనే పేచీ. రెండూ చెప్తాను.

హెరాల్డ్ అంటే మన పెద్దోళ్లకు గుర్తుండే కారే. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ 1961 నుంచి తయారుచేసింది. ఇంగ్లాండులో దాని పేరు ట్రయంఫ్ హెరాల్డ్. ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోట్టి దాని రూపం గీశాడు. అదే చాసీని కొంచెం పొట్టి చేసి, ఆయనే గీసిన రూపంతో 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు వచ్చింది. అంటే హెరాల్డ్ పని నేర్చినోడికి స్పిట్‌ఫైర్ పని సగం వచ్చినట్టే.

కార్ల పని మన నేలకు కొత్తదేం కాదు. చిక్కబళ్లాపురం పక్కన ముద్దేనహళ్లిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారు 1930లలోనే మన దేశంలో కార్ల ఫ్యాక్టరీ పెట్టాలని పట్టుబట్టి తిరిగారు.

ఇక విప్పడం సంగతి. ఇప్పటి కార్లలో బాడీ అంతా ఒకే పెట్టెలా వెల్డింగు చేసి ఉంటుంది. హెరాల్డ్‌లో అట్లా కాదు. కింద చాసీ వేరు, పైన బాడీ ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించి ఉంటుంది. బానెట్టు, రెండు పక్కల రెక్కలు కలిసి ఒకే ముక్కగా ముందుకు తెరుచుకుంటాయి. దాన్ని దించాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

ముందు బ్యాటరీ వైరు తీయాలి, పెట్రోలు ఖాళీ చేయాలి. ఆ తర్వాతే పానా పట్టాలి. తుప్పు పట్టిన బోల్టుకు ముందురోజు రాత్రే నూనె పోసి నాననివ్వాలి. బలం చూపిస్తే తల తెగుతుంది, ఒక బోల్టుకు ఒక పూట పోతుంది. డోరు తీసేముందు కీలు చుట్టూ గీత గీసుకోవాలి. కీలు వెనకాల పలచని రేకు బిళ్లలుంటాయి. ఏ కీలు కింద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఆ బోల్టులతోనే సంచిలో కట్టి చీటీ రాయాలి. అవి కలిసిపోతే తిరిగి బిగించేటప్పుడు డోరు మూసుకోదు.

అన్నదమ్ముల్లాంటి ఈ రెండు కార్లకూ ఒక తేడా ఉంది. డోరు కింద ఉండే పట్టీని సిల్లు అంటారు. హెరాల్డ్‌లో అది బోల్టులతో తగిలించిన మూత లాంటిది. చాసీకి పక్క దూలాలున్నాయి కాబట్టి తీసినా ఏం కాదు. స్పిట్‌ఫైర్‌లో ఆ దూలాలు లేవు, సిల్లే బరువు మోస్తుంది. డోరు సందుకు అడ్డంగా ఇనుప కడ్డీ బిగించకుండా దాన్ని కోస్తే బాడీ నడుమ వంగిపోతుంది. ఇట్లాంటివి తెలిసిన పనోడికి ఎక్కడైనా విలువ ఉంటుంది.

అన్నీ విప్పినాక రంగు తీసే పని. అరవై ఏళ్ల కారు మీద ఎన్ని పూతలు పడి ఉంటాయో! ఒకచోట ఉప్పుకాగితంతో వాలుగా రుద్దితే చెట్టు మొద్దులో వలయాల మాదిరి రంగులన్నీ కనిపిస్తాయి. అయస్కాంతం పెట్టి చూస్తే సరిగా అంటుకోనిచోట లోపల లప్పం మందంగా ఉన్నట్టు.

పలచని రేకు మీద గ్రైండరు ఎక్కువసేపు ఆడిస్తే వేడికి రేకు ఉబ్బుతుంది. ఇసుక కొట్టినా వెడల్పు రేకులు వంకరపోతాయి, పైగా ఆ ఇసుక దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. అందుకే పెయింట్ రిమూవర్ మందంగా పూసి, ప్లాస్టిక్ కాగితం కప్పి, రంగు బుడగలెత్తినాక మొద్దు బద్దతో గీకడం మేలు. రేకు మడతల్లోకి మందు పోకుండా అంచులకు టేపు వేయాలి. మడతలో మిగిలిన మందు తర్వాత బయటికొచ్చి కొత్త రంగును లేపేస్తుంది. రేకు బయటపడిన రోజే ప్రైమర్ కొట్టాలి. వానాకాలంలో చెయ్యి తగిలినచోటే తుప్పు పడుతుంది.

ఇప్పుడు దుమ్ము మాట. పాత కార్ల రంగుల్లో సీసం కలిసి ఉంటుంది. పసుపు, ఎరుపు రంగుల్లో మరీ ఎక్కువ. ఇనుము మీద అడుగుపూతగా వేసే సిందూరం కూడా సీసమే. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదనే నియమం 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. అది ఇంటి రంగులకే. 1960ల నాటి కారుకు ఏ నియమమూ లేదు. బాగేపల్లి రోడ్డు పక్క షెడ్లలో పాత లారీల రంగు గీకే పిల్లలకూ ఈ మాట వర్తిస్తుంది.

సీసం ఇంత వరకు ఫరవాలేదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. నోట్లోకి పోయిన సీసాన్ని పెద్దోళ్ల కంటే చిన్నపిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువ పట్టుకుంటుంది. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఆడపిల్ల ఒంట్లో చేరితే ఎముకల్లో దాగి, గర్భం నిలిచినప్పుడు మళ్లీ రక్తంలోకి వస్తుంది. కారు షెడ్డులో ఉన్నా, దుమ్ము చొక్కా పట్టుకుని చింతామణి దాకా వస్తుంది.

ఇది మిల్లు కుటుంబాలకు వేరే చెప్పాల్సిన పని లేదు. పత్తి దుమ్ముకు సోమవారం పొద్దున ఛాతీ పట్టేసిన మనుషులు మన ఇళ్లలోనే ఉన్నారు. అప్పట్లో "అలవాటైపోతుందిలే" అన్నారు. ఊపిరితిత్తులకు అలవాటు కాలేదు.

అందుకని చెల్లెలా, మీవోడికి ఇవి చెప్పు.

పొడిగా రుద్దొద్దు. నీళ్లు పెట్టి వాటర్ పేపరుతోనే రుద్దాలి. ఊడ్చేటప్పుడు కూడా తడిబట్టే.

ముక్కుకు చేతిరుమాలు కడితే సీసం దుమ్ము ఆగదు. ముఖానికి గట్టిగా అతుక్కునే, దుమ్ము వడకట్టే మాస్కు యజమానిని అడగాలి.

రిమూవర్ డబ్బా మీద మిథిలీన్ క్లోరైడ్ అని ఉంటే తలుపులు మూసిన గదిలో వాడనే వద్దు. దాని ఆవిరి ఒంట్లోకి పోతే కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మామూలు మాస్కు దాన్ని ఆపదు. అమెరికాలో ఇళ్లల్లో వాడే రిమూవర్లలో 2019లో దాన్ని నిషేధించారు.

పని బట్టలు షెడ్డులోనే విడవాలి. చేతులు, మొహం కడగనిదే టీ గ్లాసు, బీడీ ముట్టొద్దు. బట్టలు ఇంటికి తేక తప్పకపోతే మూతికట్టిన సంచిలో తెచ్చి, పిల్లల బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి. తలస్నానం చేసినాకే బిడ్డను ఎత్తుకోవాలి.

ఏడాదికొకసారి రక్తంలో సీసం పరీక్ష చేయించాలి. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే, వాడు చేస్తున్న పని గురించి డాక్టరుకు మీరే చెప్పండి. అడిగేదాకా ఆగొద్దు.

మాస్కు, నీళ్లు, బట్టలు మార్చుకునే చోటు ఇచ్చే షెడ్డయితే పని నేర్చుకోనీ, నాలుగేళ్లలో మంచి చేతివాటం వస్తుంది. "ఇవన్నీ ఎందుకురా" అనే షెడ్డయితే వేరే షెడ్డు చూసుకోమను. పాత కార్లు బాగుచేసేవాళ్లు బెంగళూరులో ఇంకా ఉన్నారు.

వచ్చే నెల బాగేపల్లి నుంచి వచ్చిన కుట్టుమిషన్ ప్రశ్న. మీ ప్రశ్నలు ఎప్పటిలాగే గేటు దగ్గరి పెట్టెలో వేయండి.