కూషు నుంచి వచ్చినవారిని ఏమడిగారు?

1991 మే 24, 25 తేదీల్లో, 36 గంటల వ్యవధిలో, ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా నుంచి 14 వేల మందికి పైగా యూదులను ఇజ్రాయెల్ విమానాల్లో తీసుకెళ్లింది. ఎక్కువ మందిని ఎక్కించాలని సీట్లు తీసేశారు. ఒక్క జంబో విమానంలోనే వెయ్యి మందికి పైగా ప్రయాణించారు. చెదరిపోయిన జనం ఏయే దేశాల నుంచి తిరిగివస్తారో యెషయా గ్రంథం 11వ అధ్యాయం చెబుతుంది. ఆ పేర్లలో ఐగుప్తుకు దక్షిణాన ఉన్న కూషు ఒకటి. అందుకే ఈ తరలింపును ప్రవచన నెరవేర్పుగా చూసే విశ్వాసులు చాలామంది ఉన్నారు. ఆ విశ్వాసంతో నాకు పేచీ లేదు. కానీ నెరవేరిందని చెప్పి అక్కడితో ఆగిపోతే, వచ్చిన మనుషులకు ఏం జరిగిందో ఎవరూ అడగరు.

బేటా ఇజ్రాయెల్ అని పిలిచే ఆ ఇథియోపియా యూదులు దాను గోత్రం వారేనని ప్రధాన రబ్బీ ఒవాదియా యోసెఫ్ 1973లో తేల్చారు. 1950 నాటి తిరిగివచ్చే హక్కు చట్టం వారికీ వర్తిస్తుందని 1975లో ఇజ్రాయెల్ ప్రభుత్వం ఒప్పుకుంది. ఇజ్రాయెల్ వెళ్లేందుకు 1980ల్లో కాలినడకన సుడాన్ చేరబోయి దారిలో, శిబిరాల్లో వేల మంది చనిపోయారు. ఇంత చేసి చేరినవారిని మత పెద్దలు లాంఛనంగా మతమార్పిడి మునక వేయమన్నారు. 1985లో వారు జెరూసలేంలో వారాల తరబడి ధర్నా చేశారు. వారు దానం చేసిన రక్తాన్ని రహస్యంగా పారబోశారన్న సంగతి 1996లో బయటపడింది.

దేవుడు మనుషుల చేతులతోనే పని చేయిస్తాడు, పారసీక రాజు కోరెషు బబులోను చెరను విడిపించలేదా అని విశ్వాసులు అడుగుతారు. సరే, మనుషుల చేతులే అయితే, ఆ చేతులు చేసిన తప్పుకు జవాబుదారీ కూడా మనుషులే. ఇక ఇదంతా రాజకీయమేనని కొట్టిపారేసేవారి మాటా సగమే నిజం. ఏ దేశమూ పిలవని శతాబ్దాల్లో కూడా బేటా ఇజ్రాయెల్ ఏటా సిగ్ద్ పండగనాడు కొండెక్కి జెరూసలేం కోసం ప్రార్థించింది. ఆ నిరీక్షణకు ఊపిరి పోసింది గ్రంథమే.

వంశానికి రుజువేదన్న ఈ ప్రశ్న మనకూ దూరమైనది కాదు. గుంటూరు ప్రాంతంలోని కొత్తరెడ్డిపాలెంలో ఎఫ్రాయిం సంతతిమని చెప్పుకునే బెనె ఎఫ్రాయిం దళిత కుటుంబాలున్నాయి. మణిపుర్, మిజోరంలలో మనష్షే సంతతిమని చెప్పుకునే బ్నెయ్ మెనషెను 2005లో ప్రధాన రబ్బీ గుర్తించారు, అయినా వారికి మతమార్పిడి తప్పలేదు; బెనె ఎఫ్రాయింకు ఆ గుర్తింపూ రాలేదు. వంశం రుజువు చేసుకొమ్మనే భారం ప్రతిసారీ పేదల మీదే పడుతోంది.

మరో పక్కన 1948లో ఇళ్లు కోల్పోయిన ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులున్నారు. ప్రవచనంలో వారికి చోటు లేదనేవారు యెహెజ్కేలును సగంలో మూసేస్తున్నారు. ఎండిన ఎముకలు లేచే 37వ అధ్యాయం అందరికీ తెలుసు. దయచేసి 47వ అధ్యాయం చివరిదాకా చదవండి: తిరిగివచ్చిన గోత్రాలు దేశాన్ని పంచుకునేటప్పుడు, తమ మధ్య పిల్లలను కని నివసించే పరదేశులకూ స్వదేశీయులతో సమానంగా వాటా ఇవ్వాలని అక్కడ ఆజ్ఞ ఉంది.